పిట్ వాల్ కుర్చీ, పిట్ వాల్ తెరలు: రేసింగ్ మేనేజ్‌మెంట్ ఆటలకు ఏవి ఎంచుకోవాలి?

రేసింగ్ ఆటలకు కుర్చీ కావాలని దుకాణంలో అడిగిన వెంటనే చూపించేది ఒకటే రకం: రెండు పక్కలా రెక్కలు లేచి, ఎర్ర కుట్టు వేసిన నల్లని కుర్చీ. మానిటర్ అడిగితే, వంపు తిరిగి, 165 హెర్ట్జ్ (తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందన్న లెక్క) అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్నదాని వైపు చేయి చూపిస్తారు. ఈ రెండూ కారు నడిపే ఆటలను దృష్టిలో పెట్టుకొని తయారైనవి. మోటార్‌స్పోర్ట్ మేనేజర్, ఎఫ్1 మేనేజర్ వంటివి కారు నడిపే ఆటలు కావు, జట్టును నడిపించే ఆటలు. నడపడానికీ నడిపించడానికీ మధ్య ఉన్న ఈ తేడాను గుర్తుంచుకుంటే కుర్చీ విషయంలోనూ, తెరల విషయంలోనూ చాలా డబ్బు మిగులుతుంది; అంతకంటే ముఖ్యంగా మెడ, నడుము, కళ్లు సుఖంగా ఉంటాయి.

ఫార్ములా వన్ డ్రైవరు కాక్‌పిట్‌లో దాదాపు వెల్లకిలా పడుకొన్నట్లు, కాళ్లు ముందుకు చాచి, పాదాలు తుంటి కంటే ఎత్తులో ఉండేటట్లు కూర్చుంటాడు. మలుపుల్లో దేహాన్ని పక్కకు లాగే బలాన్ని తట్టుకోవడానికి ఆ సీటు అతని ఒంటి ఆకృతికి సరిగ్గా అచ్చు తీసి తయారవుతుంది. అదే జట్టు వ్యూహకర్తలు మాత్రం ట్రాక్‌కూ, కార్లు ఆగే పిట్ దారికీ మధ్యనున్న గోడ, అంటే పిట్ వాల్ మీదనో, ఇంగ్లండులోని బ్రాక్లీ, వోకింగ్, మిల్టన్ కీన్స్ వంటి ఊళ్లలో జట్లు ఏర్పాటు చేసుకొన్న నియంత్రణ గదుల్లోనో నిటారుగా కూర్చొని, ఎదుట పేర్చిన తెరల మీద ల్యాప్ సమయాలను, టైర్ల స్థితిని, కార్ల మధ్య ఎడాన్ని చదువుతూ ఉంటారు. మేనేజ్‌మెంట్ ఆట ఆడే మనం కూర్చునేది ఈ రెండో చోట. మనల్ని పక్కకు లాగే బలమేదీ లేదు; మనకు ఉన్నదల్లా గంటల తరబడి కదలకుండా చిన్న అంకెలను చదివే పని.

ఆ పని ఎంత ఉంటుందో ఒకసారి లెక్క వేసుకోవడం మంచిది. కంప్యూటర్‌పై 2016 నవంబరులో వచ్చిన మోటార్‌స్పోర్ట్ మేనేజర్‌లో గానీ, 2022 నుంచి 2024 వరకు ఏటా ఒకటిగా వెలువడిన ఎఫ్1 మేనేజర్‌లలో గానీ మన చేతిలో ఉండేది మౌసు, కొన్ని కీబోర్డు మీటలు మాత్రమే. టైరు అరుగుదల, మిగిలిన ఇంధనం, ముందు కారుతో ఎడం, వాన సూచన వంటివి రేసు జరుగుతున్నంతసేపూ చదవాలి; రేసుల మధ్య వారాల్లో డ్రైవర్ల ఒప్పందాలు, విడిభాగాల రూపకల్పన, ఖాతాల లెక్కలు చూసుకోవాలి. ఎఫ్1 మేనేజర్ 2024లో సీజన్‌కు 24 రేసులు. వేగం పెంచుకొంటూ, ప్రమాదం జరిగినప్పుడు కార్ల వేగం తగ్గించే సేఫ్టీ కారు వచ్చినప్పుడు తగ్గించుకొంటూ ఒక్కో రేసును గంటలో ముగించినా, మధ్యలోని పనులన్నీ కలిపితే ఒక సీజన్‌కు 30 గంటలు సులువుగా దాటుతాయి.

కుర్చీ ముందు, తెర తరువాత

ఉన్న డబ్బులో దేనికి ముందు ఖర్చు పెట్టాలని ఎవరైనా అడిగితే, కుర్చీకే అని నేను సంకోచం లేకుండా చెబుతాను. తెర ఎంపికలో పొరపాటు జరిగితే విసుగు కలుగుతుంది, మహా అయితే దాన్ని అమ్మి మరొకటి కొనుక్కుంటాం. కుర్చీ ఎంపికలో పొరపాటు జరిగితే అది నడుములోకి చేరుతుంది, ఆ నొప్పిని అమ్ముకోలేం.

రెక్కల కుర్చీని పూర్తిగా తీసిపారేయలేం. దానికి ఎత్తైన వెన్నుభాగం ఉంటుంది, కాబట్టి ఆరడుగుల మనిషికి కూడా తల ఆనుతుంది. లోపల ఉక్కు చట్రం ఉంటుంది. వెనక్కి బాగా వాలుతుంది. అయితే దానికి రూపం ఇచ్చిన రేసు కారు బకెట్ సీటులో రెక్కల పని మలుపుల్లో డ్రైవరును జారిపోకుండా పట్టి ఉంచడం. కదలని గదిలో, కదలని కుర్చీలో అవి చేసే పని తొడలను, భుజాలను లోపలికి నొక్కడమే. మనలో చాలామందికి కుర్చీలో కూడా కాసేపు బాసింపట్టు వేసుకొని కూర్చునే అలవాటు ఉంది. సీటు రెండు అంచులూ పైకి లేచి ఉంటే ఆ అలవాటు సాగదు. ఒకే భంగిమలో గంటలు గడపకుండా అప్పుడప్పుడు కాళ్లు మార్చుకోవడం వెన్నుకు మేలు చేసే పని కాబట్టి, ఆ వీలు లేకుండా చేసే సీటును నేను లోపంగానే లెక్కిస్తాను.

రెండో ఇబ్బంది పైతొడుగుది. తక్కువ, మధ్యస్థ ధరల్లో దొరికే రెక్కల కుర్చీల్లో ఎక్కువ వాటికి వేసేది అసలు తోలు కాదు, పాలీయురేథేన్ పూత పూసిన గుడ్డ. ఈ పూతకు వేడి, తేమ, చెమట మూడూ శత్రువులే. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్ల తేమలో ఇది పొరలు పొరలుగా లేస్తుంది; విజయవాడ వేసవిలో ఏసీ లేని గదిలో వీపు అంటుకుపోతుంది. నేను కొన్న మొదటి ఆటల కుర్చీకి రెండో వానాకాలం ముగిసేసరికి సీటు అంచున నల్లని పెచ్చులు రాలడం మొదలైంది, వారంటీ పత్రంలో పైతొడుగుకు వర్తించదని చిన్న అక్షరాలతో రాసి ఉండడాన్ని అప్పుడు గమనించాను. ఆకారం నచ్చి ఇదే కొనాలనుకునేవారు కనీసం గుడ్డ తొడుగు ఉన్నదాన్ని, రెక్కలు పల్చగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి.

వీపుకు జాలీ, సీటుకు ఫోమ్ ఉన్న ఆఫీసు తరహా కుర్చీ ఈ ఆటలకు నా మొదటి ఎంపిక. జాలీ గుండా గాలి ఆడుతుంది, ఫోమ్ సీటు తొడల బరువును సమంగా మోస్తుంది. సీటు కూడా జాలీతోనే చేసిన కుర్చీలు ఖరీదైన వాటిలో బాగుంటాయి. చవక రకాల్లో మాత్రం జాలీ కొంతకాలానికి సాగి, ముందు అంచులోని గట్టి చట్రం తొడల కింద ఒత్తుతుంది. ఫోమ్ విషయంలో సాంద్రత అడగాలి. మన దగ్గర పరుపుల దుకాణంలో 32, 40 అని అంకెలతో చెప్పేది ఘనపు మీటరుకు ఎన్ని కిలోలన్న లెక్క. కుర్చీ సీటుకు 40కి తగ్గనిది, వీలైతే 45 నుంచి 50 మధ్యది ఉంటేనే ఏళ్ల తరబడి కుంగకుండా నిలుస్తుంది.

ఇక వాలే తీరు. కొన్ని కుర్చీలు సీటుతో సహా మొత్తంగా వెనక్కి ఊగుతాయి, అప్పుడు మోకాళ్లు పైకి లేచి పాదాలు నేలను వదులుతాయి. సింక్రో టిల్ట్ అని పిలిచే ఏర్పాటులో వెన్నుభాగం ఎక్కువగా, సీటు కొద్దిగా వాలుతాయి, పాదాలు నేల మీదే ఉంటాయి. ఈ ఆటల్లో మనం రెండు రకాలుగా కూర్చుంటాం: రేసు నడుస్తున్నప్పుడు మౌసు పట్టుకొని కొంచెం ముందుకు, రేసుల మధ్య లెక్కలు, ఒప్పందాలు చదివేటప్పుడు 100 నుంచి 110 డిగ్రీల వరకు వెనక్కి. రెండింటికీ నడుము ఆనికను వదలకుండా కదిలేది సింక్రో టిల్ట్ కుర్చీయే, కాబట్టి హెడ్‌రెస్ట్ కోసం పెట్టే డబ్బును దీనికి పెట్టడం మేలు. నిజానికి పొట్టివారికి చవక కుర్చీల హెడ్‌రెస్ట్ తల వెనుకకు బదులు నడినెత్తికి తగులుతుంది, దాన్ని తీసేసి వాడుకోవడమే నయం.

ఎత్తు గురించి మాత్రం కొంచెం ఆగి ఆలోచించాలి, ఎందుకంటే కంపెనీల కరపత్రాల్లోని కొలతలు మన ఇళ్లకు అతకవు. మార్కెట్లో దొరికే బల్లలు దాదాపు అన్నీ 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. అయిదడుగుల ఆరంగుళాల మనిషి పాదాలు నేలకు ఆనేటట్లు కూర్చుంటే మోచేయి నేల నుంచి 65 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అయిదడుగుల రెండంగుళాల వారికైతే 60కి దగ్గరగా ఉంటుంది. పైగా ఆ కరపత్రాలు బూట్లతో కూర్చునే ఆఫీసు మనిషిని ఊహించుకొని రాసినవి, మనం ఇంట్లో వట్టి కాళ్లతో కూర్చుంటాం, అక్కడ మరో రెండు సెంటీమీటర్లు పోతాయి. బల్లకు తగ్గట్టు కుర్చీని లేపితే కాళ్లు వేలాడతాయి, కాళ్లకు తగ్గట్టు దించితే భుజాలు పైకి లేచి మౌసు పట్టుకోవాల్సి వస్తుంది. దీనికి చవకైన పరిష్కారం కుర్చీని లేపి, పాదాల కింద ఒక చెక్క పీట వేసుకోవడం. భోజనాల పీట 5 నుంచి 8 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే చాలా మందికి సరిపోతుంది. ఇంకా పొట్టివారు రెండు పీటలు పేర్చే బదులు బల్ల కింద జారే కీబోర్డు పలకను బిగించుకోవచ్చు. అందుకే దుకాణంలో కుర్చీని పరీక్షించేటప్పుడు చెప్పులు విప్పి, కనీసం పావుగంట కూర్చోవాలి. మోకాలి వెనుకకూ సీటు అంచుకూ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. దూరకపోతే ఆ సీటు మీకు లోతు ఎక్కువ.

ఆర్మ్‌రెస్ట్‌లు బల్ల కిందికి వెళ్లేటంత కిందికి దిగాలి, లేదా బల్లతో సరిగ్గా సమానంగా నిలవాలి. మౌసు మీదే ఆధారపడిన ఆటలో మోచేయి గాలిలో వేలాడితే, మొదట అలిసేది భుజమే. మన ఇళ్ల నేలలు తాండూరు బండలో, గ్రానైటో, టైల్సో కాబట్టి గట్టి నైలాన్ చక్రాలు వాటిపై జారతాయి, గీతలు కూడా పడతాయి. మెత్తని పాలీయురేథేన్ చక్రాలు ఉన్నదాన్ని అడగండి. సీటును లేపి దించే గ్యాస్ లిఫ్ట్‌కు, వాలే యంత్రాంగానికి విడివిడిగా ఎన్నేళ్ల వారంటీ ఉందో, బిఫ్మా (ఆఫీసు ఫర్నిచర్ దృఢత్వ ప్రమాణాలు) పరీక్షకు నిలిచిందో లేదో కూడా కొనేముందే తెలుసుకోవాలి.

కొత్తది కొనలేని వారికి పాత ఆఫీసు కుర్చీ మంచి దారి. హైదరాబాదు, బెంగళూరుల్లో ఐటీ కార్యాలయాలు ఖాళీ చేసినప్పుడు నాణ్యమైన కుర్చీలు సెకండ్‌హ్యాండ్ దుకాణాలకు చేరతాయి. కొత్త చవక కుర్చీ కంటే అయిదారేళ్లు వాడిన మంచి కుర్చీ మెరుగని నా నమ్మకం, అయితే పరీక్షించకుండా తీసుకోకూడదు. సీటును పూర్తిగా లేపి పది నిమిషాలు కూర్చోండి. నెమ్మదిగా కిందికి దిగిపోతుంటే గ్యాస్ లిఫ్ట్ పోయిందన్నమాట, దాన్ని మార్చవచ్చు గానీ ఆ ఖర్చు ధరలో తగ్గించుకోవాలి. వెనక్కి వాలినప్పుడు ఒక పక్కకు ఒరిగితే మాత్రం వదిలేయండి.

హాస్టల్ గదిలోనో, అద్దె గదిలోనో ఉండి ఉన్న కుర్చీతోనే సర్దుకోవాల్సిన వారు ప్లాస్టిక్ కుర్చీ కంటే భోజనాల బల్ల దగ్గరి చెక్క కుర్చీని ఎంచుకోవాలి. సీటు మీద బూరుగు దూది దిండు వేస్తే అరగంటలో అణిగిపోతుంది; కొబ్బరి పీచు మెత్త గానీ, గట్టి ఫోమ్ ముక్క గానీ వేసి, నడుము వంపు దగ్గర చుట్టిన తువ్వాలు పెట్టుకుంటే ఒక రేసు వరకు హాయిగా గడుస్తుంది. రేసు రేసుకూ మధ్య లేచి నడవాలి.

స్టీరింగ్, పెడళ్లు కూడా ఉండి, నడిపే ఆటలూ నడిపించే ఆటలూ రెండూ ఆడేవారి సంగతి వేరు. వారికి పెడళ్లు నొక్కినప్పుడు వెనక్కి కదలని స్థిరమైన రిగ్, అంటే సీటు, స్టీరింగ్, పెడళ్లు కలిపి బిగించిన చట్రం తప్పదు, చక్రాల కుర్చీ ఆ పనికి రాదు. అయితే ఆ రిగ్‌లో కూర్చొని మౌసుతో మేనేజ్‌మెంట్ ఆట ఆడడం దండగ పని: చేయి ఆనదు, తెర దూరమవుతుంది. చోటు ఉంటే రెండు వేర్వేరు ఆసనాలు ఉంచుకొని తెరను మాత్రం తిరిగే ఆర్మ్ మీద ఉమ్మడిగా వాడుకోవాలి.

ఒక తెరా, రెండు తెరలా, వెడల్పాటి తెరా?

పిట్ వాల్ బొమ్మలు చూసి చాలామంది ముందు మూడు మానిటర్లు కొనేద్దామనుకుంటారు. ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఈ మేనేజ్‌మెంట్ ఆటలు ఒకే విండోలో నడుస్తాయి. టైమింగ్ పట్టికను ఒక తెరకు, ట్రాక్ పటాన్ని మరో తెరకు విడదీసి పంపే వీలు ఇవ్వవు. అంటే రెండో తెర కొన్నంత మాత్రాన ఆట రెండు తెరల మీదికి విస్తరించదు. ఆట మొత్తం మొదటి తెర మీదే జరుగుతుంది, రెండోది మీ సొంత లెక్కల కోసం: ఏ ట్రాక్‌లో ఏ టైరు ఎన్ని ల్యాప్‌లు నిలిచిందన్న పట్టిక, ఒప్పందాలు ముగియబోయే యువ డ్రైవర్ల జాబితా, తరువాతి విడిభాగానికి అనుకొన్న క్రమం. ఇలాంటి లెక్కలు రాసుకొనే అలవాటు లేనివారికి రెండో తెర అవసరం లేదు, ఆ డబ్బుతో మొదటి తెరనే మెరుగైనదిగా తీసుకోవాలి.

ఆ మొదటి తెర పరిమాణం ఎంత ఉండాలి? 24 అంగుళాల 1080పీ (నిలువునా 1080 పిక్సెళ్లు, అంటే చుక్కలు, ఉన్న) తెరలో అంగుళానికి సుమారు 92 పిక్సెళ్లు ఉంటాయి, అంకెలు స్పష్టంగానే కనిపిస్తాయి, బల్ల మీద 54 సెంటీమీటర్లలోపు స్థలమే తీసుకుంటుంది, సాధారణ ల్యాప్‌టాప్ కూడా దాన్ని నడపగలదు. 27 అంగుళాల 1440పీ తెరలో అంగుళానికి 109 పిక్సెళ్లు; అక్షరాల అంచులు నునుపుగా ఉంటాయి, పట్టికల్లో సున్నాకూ ఎనిమిదికీ తేడా ఒక్క చూపులో తెలుస్తుంది. మేనేజ్‌మెంట్ ఆటలకు ఇదే అన్నిటికంటే తగినదని నా అభిప్రాయం. ఈ రెండింటి మధ్య 27 అంగుళాల 1080పీ అని ఒకటి తక్కువ ధరకు ఊరిస్తుంది. దానిలో అంగుళానికి 82 పిక్సెళ్లే, తెర పెద్దదైనా చదవాల్సిన అక్షరం మొరటుగా మారుతుంది. కారు నడిపేవారికి అది చెల్లవచ్చు గానీ అంకెలు చదివేవారికి చెల్లదు.

4కే తెర స్పష్టతలో సాటిలేనిది, కానీ 1080పీ కంటే నాలుగు రెట్లు పిక్సెళ్లను గ్రాఫిక్స్ కార్డు గీయాలి. విండోస్‌లో అక్షరాలను పెద్దవి చేసినంత సులువుగా ప్రతి ఆటలోనూ చేయలేం. ఆటలో అక్షరాల పరిమాణం మార్చే అమరిక లేకపోతే 27 అంగుళాల 4కే తెర మీద ముఖం ముందుకు చాచి చదవాల్సి వస్తుంది. 4కే కావాలనుకునేవారు 32 అంగుళాలకు తగ్గకుండా తీసుకోవడం మంచిది. ల్యాప్‌టాప్ వాడేవారు ముందు దాని హెచ్‌డీఎంఐ (తెరకు కలిపే పోర్టు) ఏ తరానిదో చూసుకోవాలి: 1.4 రకం 4కే చిత్రాన్ని సెకనుకు 30 సార్లు మాత్రమే పంపగలదు, మౌసు గుర్తు వెనకబడి కదులుతున్నట్లు అనిపిస్తుంది.

34 అంగుళాల వెడల్పాటి తెర, అంటే 3440 అడ్డం, 1440 నిలువు ఉన్నది, 27 అంగుళాల తెరంత ఎత్తులోనే ఉండి దాదాపు 80 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. కారు నడిపే ఆటలో పక్క చూపు పెరుగుతుంది కాబట్టి దానికి విలువ ఉంది. మన ఆటల్లో మాత్రం రెండు అనుమానాలు తీర్చుకోవాలి. మొదటిది, మీరు ఆడే ఆట ఆ వెడల్పును నింపుతుందా, రెండు పక్కలా నల్లని పట్టీలు వదులుతుందా? రెండోది, నింపితే పట్టికలు ఎక్కడికి పోతాయి? మన ఇద్దరు డ్రైవర్ల పలకలు తెర అంచుల్లో ఉండే ఆటలో, అంచులు దూరమైన కొద్దీ ఎడమ కారు నుంచి కుడి కారుకు చూపు మార్చడానికి మెడ తిప్పాల్సి వస్తుంది. పగలు అదే తెర మీద ఉద్యోగపు పని చేసుకొని, రెండు పత్రాలను పక్కపక్కన తెరుచుకొనే వారికి వెడల్పాటి తెర బాగా ఉపయోగపడుతుంది. ఆట కోసమే అయితే 27 అంగుళాలది, పక్కన ఒక చిన్న రెండో తెర మంచి జోడీ.

ఆ చిన్న తెర కొత్తదే కానక్కరలేదు. పాత ఆఫీసుల్లో వాడిన 19 అంగుళాల దాదాపు చదరపు మానిటర్, 1280 బై 1024 పిక్సెళ్లది, చాలా ఇళ్లలో అటక మీద పడి ఉంటుంది. దాని ఎత్తు 30 సెంటీమీటర్లు. 24 అంగుళాల వెడల్పు తెర ఎత్తు కూడా దాదాపు అంతే, పిక్సెళ్ల సాంద్రత కూడా దగ్గర దగ్గరగా ఉంటుంది. అందువల్ల ఆ రెండూ పక్కపక్కన కవల పిల్లల్లా ఒదుగుతాయి. దానికి వీజీఏ, డీవీఐ అనే పాత తరం పోర్టులే ఉంటాయి కాబట్టి ఒక అడాప్టర్ కావాలి. ల్యాప్‌టాప్ సొంత తెరనే రెండోదిగా వాడదలిస్తే దాన్ని స్టాండ్ మీద లేపి, కీబోర్డు విడిగా పెట్టుకోవాలి, లేకపోతే ప్రతి ల్యాప్‌కూ తల దించి ఎత్తడంతోనే మెడ పట్టేస్తుంది. రెండో తెర ఏదైనా సరే, మొదటిది ముఖానికి ఎదురుగా ఉండాలి, రెండోది పక్కన కొంచెం లోపలికి తిరిగి ఉండాలి; రెండు తెరల నడుమ గీతకు ఎదురుగా కూర్చుంటే రోజంతా మెడ ఒక పక్కకే తిరిగి ఉంటుంది. ఆటను బోర్డర్‌లెస్ విండోలో (అంచులు లేకుండా తెర నిండా కనిపించే విండో అమరికలో) నడిపితే, రెండో తెర మీద నొక్కినప్పుడు ఆట కిందికి మూసుకుపోకుండా ఉంటుంది.

తెర పలకల తయారీ రకాలైన ఐపీఎస్, వీఏ, ఓలెడ్‌లలో ఐపీఎస్‌ను నేను నమ్ముతాను. పక్కన కూర్చొన్న తమ్ముడికి కూడా రంగులు మారకుండా కనిపిస్తుంది, పగటి వెలుతురులో అక్షరాలు నిలకడగా ఉంటాయి. వీఏ తెరల కాంట్రాస్ట్ (తెలుపు, నలుపుల వెలుగు తేడా) 3000కి ఒకటి చొప్పున ఉండి, సాధారణ ఐపీఎస్‌కు మూడు రెట్లు ఎక్కువ కాబట్టి చీకటి గదిలో నలుపు నిజంగా నల్లగా ఉంటుంది. కానీ చవక వీఏ తెరల మీద నల్లని నేపథ్యంలో జాబితాను కిందికి జరిపితే అక్షరాల వెనుక మసక తోక కనిపిస్తుంది. ఇక ఓలెడ్ గురించి స్పష్టంగా చెప్పాలి: మేనేజ్‌మెంట్ ఆటలకే అయితే అది వద్దు. టైమింగ్ పట్టిక, డ్రైవర్ల పలకలు రేసు మొత్తం ఒకే చోట కదలకుండా వెలుగుతాయి, అలా ఏళ్ల తరబడి ఒకే బొమ్మ నిలిస్తే ఓలెడ్ తెర మీద దాని ముద్ర శాశ్వతంగా పడే ప్రమాదం ఉంది. పైగా కొన్ని ఓలెడ్ తెరల ఉపపిక్సెళ్ల (ఒక్కో పిక్సెల్‌లోని రంగు చుక్కల) అమరిక వల్ల చిన్న అక్షరాల అంచుల్లో రంగులు చిమ్మినట్లు కనిపిస్తాయి.

రిఫ్రెష్ రేటు కోసం అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు. 75 లేదా 100 హెర్ట్జ్ ఈ ఆటలకు ధారాళంగా చాలు, 165 కోసం పెట్టే తేడాను ఎత్తు సర్దుకొనే స్టాండ్ ఉన్న మోడల్‌కు పెట్టడం తెలివైన పని. వెలుగు తగ్గించినప్పుడు తెర సన్నగా అదరడం వల్ల కొందరికి తలనొప్పి వస్తుంది, అలాంటివారు ఫ్లికర్ ఫ్రీ అని రాసి ఉన్నదాన్నే తీసుకోవాలి. గేమ్ కన్సోల్‌తో సోఫాలో కూర్చొని 43 అంగుళాల టీవీ మీద ఆడేవారు రెండున్నర మీటర్ల దూరం నుంచి చిన్న అంకెలు చదవాల్సి వస్తుంది. సోఫాను మీటరున్నర దూరానికి జరుపుకోగలిగితేనే అది సుఖం.

బల్ల లోతు, తెర ఎత్తు

కొనేముందు బల్ల లోతును టేపుతో కొలవండి. 27 అంగుళాల తెరకు కళ్ల నుంచి 60 నుంచి 75 సెంటీమీటర్ల దూరం కావాలి, మన చదువు బల్లలు మాత్రం చాలావరకు 45 నుంచి 60 సెంటీమీటర్ల లోతువే. స్టాండ్ పాదం మరో 20 సెంటీమీటర్లు తినేస్తుంది. మానిటర్ ఆర్మ్ ఆ చోటును తిరిగి ఇస్తుంది, అయితే గోడకు ఆనించిన బల్ల వెనుక ఆర్మ్ మడత పడడానికి జాగా ఉండాలి. తెర వెనుక ఆర్మ్ బిగించడానికి 75 లేదా 100 మిల్లీమీటర్ల ఎడంతో ఉండే వెసా రంధ్రాలు ఉన్నాయో లేదో చూడాలి. గాజు బల్లకు ఆర్మ్ బిగించకూడదు. పార్టికల్ బోర్డు బల్లకైతే బిగింపుకు పైనా కిందా ఒక్కో చెక్క పలక వేస్తే అంచు నలగదు. తెర పైఅంచు కళ్ల ఎత్తులో గానీ కొద్దిగా కింద గానీ ఉండాలి. ఎత్తు సర్దుకోలేని చవక స్టాండ్లకు ఇందుకోసం మరో అయిదారు సెంటీమీటర్లు కావాల్సి వస్తుంది, దానికి రెండు లావుపాటి పుస్తకాలు చాలు. బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాలు వాడేవారు మాత్రం దీనికి విరుద్ధంగా తెరను ఇంకా కిందికి దించి, కొంచెం వెనక్కి వాల్చుకోవాలి, లేకపోతే అద్దం కింది భాగంలోంచి చదవడానికి గడ్డం పైకెత్తుతారు.

కిటికీ తెరకు ఎదురుగానూ, వెనుకగానూ కాకుండా పక్కన ఉండేటట్లు బల్ల వేసుకోండి. అంతా అమరిన తరువాత ఒక పూర్తి రేసు ఆడి, లేచిన వెంటనే ఎక్కడ నొప్పి ఉందో గమనించండి. మెడ వెనుక పట్టేస్తే తెర మరీ కింద ఉందని, గడ్డం కింద లాగితే మరీ పైన ఉందని అర్థం. మౌసు వైపు భుజం నొస్తే బల్ల మీ మోచేతి కంటే ఎత్తులో ఉంది, కుర్చీని లేపి కాళ్ల కింద పీట వేయండి. తొడల కింద తిమ్మిరి ఎక్కితే సీటు ఎత్తుగానో లోతుగానో ఉంది. నడుము కింది భాగం నొస్తే ఆనికను ఒక వేలెడు కిందికి దించి చూడండి. కళ్లు మండితే తెర వెలుగును పక్కన పెట్టిన తెల్ల కాగితమంత వెలుగుకు తగ్గించండి, ప్రతి ఇరవై నిమిషాలకూ ఆటను ఆపి కాసేపు కిటికీలోంచి దూరంగా చూడండి. కారు నడిపేవారికి లేని ఆ వెసులుబాటు, విరామం మీట రూపంలో, జట్టును నడిపించే మనకు ఉంది.